కుడితి తొట్టి బోర్లించిన ఏడాది

పొద్దున ఏడు గంటలకు నా తెల్లావు నెమరు ఆపి గేటు వైపు తల తిప్పుతుంది. ఎర్రావు కూడా తిప్పుతుంది, కాని కొంచెం ఆలస్యంగా, తెల్లావును చూసి. ఆ వేళకు ఆ గేటు దగ్గర ఏడిళ్ల ఆడవాళ్లు ఉండేవాళ్లు. ఇప్పుడు లేరు. లేకుండా చేసింది నేనే, చాలా శాస్త్రీయంగా.

మాది ఎమ్మిగనూరులో నేతగాళ్ల వీధి, చివరి ఇల్లు. మా నాన్న మగ్గం వేసిన గుంత పూడ్చి, దాని మీద ఇప్పుడు జొన్నచొప్ప పేర్చుకుంటాను. నేను ఆదోనిలో బీఎస్సీ చదివాను. ఇరవై ఏళ్లు ప్రైవేటు బడుల్లో సైన్సు చెప్పాను. నాలుగు బడులు మారాను. నాలుగు చోట్లా కారణం నా నోరే. పెళ్లి కూడా చేసుకున్నాను. ఆయన ఆదోని పత్తి మండీలో గుమాస్తా, మెత్తటి మనిషి. ఆరేళ్లపాటు ప్రతి వాదనలోనూ నేనే గెలిచాను. చివరి వాదన గెలిచి చూసేసరికి ఇంట్లో ఓడిపోవడానికి ఎవరూ మిగల్లేదు. పిల్లలు లేరు. బడి మానేసిన ఏడాది రెండు ఆవులు కొనుక్కున్నాను. అవి ఎదురు చెప్పవు.

ఆవులు వచ్చాక గేటు పక్కన ఒక సిమెంటు తొట్టి పెట్టించాను. కుడితి తొట్టి. మా వీధిలో బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన సంగటి ఎవరూ పారబోయరు. ఆవు ఉన్న ఇంటి తొట్టిలో పోస్తారు. అది దానమూ కాదు, బేరమూ కాదు. పోసినవాళ్లు డబ్బులడగరు, పోయించుకున్నవాళ్లు కృతజ్ఞత చెప్పరు. పోసి, ఆవు మూతి తొట్టిలో పెట్టేదాకా నిలబడి, అది తాగితే తృప్తిగా వెళ్తారు. ఆ నిలబడే రెండు నిమిషాల్లో నాతో ఏదో ఒకటి మాట్లాడాలి కదా. ఎవరి కోడలు అలిగింది, కొళాయి ఎన్ని రోజులకు వదిలారు, పత్తికొండలో టమాటాలు ఏ ధరకు పోతున్నాయి. నేను ప్రతిదానికీ వంకలు పెట్టేదాన్ని.

"ఏమక్కా, తొట్టి కడిగినావా లేదా?" అని ఎదురింటామె అడిగితే, "నీ బానకంటే శుభ్రంగానే ఉండాది పోయి" అనేదాన్ని.

"టీచరక్క నోట్లో వేలు పెడితే కొరుకుతాది గాని, ఆవు మాత్రం మెత్తనిది" అని నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు.

రోజుకు నేను మనుషులతో మాట్లాడే మాటలు దాదాపు అన్నీ ఆ తొట్టి దగ్గరే అయిపోయేవి. మిగతా రోజంతా ఆవులతో, గోడలతో. ఇది అప్పుడు నాకు తెలియదు. తొట్టి ఆవుల కోసం పెట్టాననుకున్నాను.

ఏడిళ్లలో అందరికంటే ముందు వచ్చేది పక్కింటి అవ్వ. ఆమెకు ఎనభై ఉంటాయి. ఆమెనడిగితే "ఏమో పాపా, కరువులో పుట్టినానంట" అంటుంది. కర్ణాటక సరిహద్దులో హొళగుంద దగ్గరిది ఆమె పుట్టిన ఊరు. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తుంది. ఒక్క గది, ముందు కాస్త వాకిలి, నా కొట్టానికీ ఆమె వాకిలికీ మధ్య భుజాలెత్తు గోడ. ఆమె పని చింతగింజలు వేయించడం. వేయించి, రోట్లో దంచి, నల్లటి పొట్టు చెరిగేసి, లోపలి పప్పును సంచిలో కట్టి బస్సులో హొళగుందకు పంపిస్తుంది. అక్కడ ఆమె అక్క కొడుకులు కంబళ్లు నేస్తారు. ఆ పప్పు ఉడికించిన గంజి పూస్తే కంబళి బిగువుగా నిలుస్తుంది. ఇంతకంటే నాకు ఎక్కువ తెలియదు. ఎప్పుడూ అడగలేదు. ఆమె రేకు డబ్బాలో తెచ్చేది నల్లగా ఉండేది, నేను మాడిన సంగటేమో అనుకునేదాన్ని. సైన్సు టీచరును, ఒక్కసారి తొంగి చూడలేదు.

అవ్వ కుడితి పోసి అందరిలాగా వెంటనే వెళ్లదు. తెల్లావు ఆమె మోచేయి నాకుతుంది. గరుకు నాలుక. ఆమె అలాగే చేయి చాపి నిలబడి, "సాకమ్మా, సాకు, ఇంక చాలు, తోలు లేసి పోతాది" అంటూ చేయి మాత్రం తీయదు.

ఆ రోజుల్లోనే పశువైద్యం చదివిన ఒక అమ్మాయి మా పాలకేంద్రం వాళ్లతో కలిసి వచ్చింది. పెద్ద చదువుకు పరిశోధన చేస్తోంది. కోస్తా పిల్ల, మాటకు ముందు 'అండీ' వెనక 'అండీ'. ఆవులు నెమరు వేసేటప్పుడు త్రేన్పుల్లో మీథేన్ అనే వాయువు వదులుతాయనీ, కడుపులోని సూక్ష్మజీవులు గడ్డిని అరగదీస్తూ దాన్ని తయారుచేస్తాయనీ, అది గాలిలో కలిసి ఎండలను ఇంకా పెంచుతుందనీ చెప్పింది. మా ఊరి ఎండలకు ఇంకా పెరగడమేమిటి అని నేను అడగలేదు. మొక్కల నుంచి తీసిన ఒక పొడిని దాణాలో కలిపితే ఆ వాయువు తగ్గుతుందేమో చూస్తున్నారట. చాలా ఇళ్లలో చూస్తున్నారు. రెండు ఆవులున్న ఇళ్లలో ఒకదానికి పొడి పెట్టాలి, ఒకదానికి పెట్టకూడదు. పదిహేను రోజులకొకసారి ఆమె వచ్చి టార్చిలైటు లాంటి పరికరం మూతి వైపు పట్టి త్రేన్పు కొలుస్తుంది.

"పాలకేంద్రంలో మీ పేరు చెప్పారు ఆంటీ. మీరైతే రూల్స్ ఖచ్చితంగా పాటిస్తారని."

"ఆంటీ అనకు. ఇంకా ఏం చెప్పారు?"

ఆమె ఎర్రబడింది. "కొంచెం... గట్టిగా మాట్లాడతారని."

నాకు ఆ పిల్ల నచ్చింది. ఇరవై ఏళ్లు పిల్లలకు 'నియంత్రిత ప్రయోగం' అని బోర్డు మీద రాశాను. ఒక్కటి చేసింది లేదు. ఇన్నాళ్లకు ప్రయోగం నా కొట్టంలోకే నడిచి వచ్చింది. షరతులు ఒక కాగితంపై రాసి ఇచ్చింది. జొన్నచొప్ప ఇంత, పత్తిగింజల చెక్క ఇంత, తవుడు ఇంత. ఇవి కాక మరేదీ ఏ ఆవుకూ పెట్టకూడదు. ఏదీ అంటే కుడితి కూడా.

"ఇక్కడ అందరూ పోస్తుంటారు కదా, ఆపగలరా?" అని అడిగింది.

"నేను ఆపలేకపోవడమా!" అన్నాను.

ఆ సాయంత్రమే గడ్డపార తెచ్చి, తొట్టి కింద పెట్టి, ఒక్కదాన్నే తిప్పి బోర్లించాను. బడి నుంచి తెచ్చుకున్న పాత పలక మీద సుద్దముక్కతో 'ఈ ఆవులకు ఎవరూ ఏమీ పెట్టరాదు' అని రాసి గేటుకు తగిలించాను. 'దయచేసి' అని రాయాలనిపించలేదు.

మర్నాడు ఏడు గంటలకు ఎదురింటామె గంజి గిన్నెతో వచ్చి పలక చదివింది.

"ఇదేందక్కా, బళ్లో మాదిరి?"

సంగతి చెప్పాను. బోర్డు లేకుండా పాఠం చెప్పాను. సూక్ష్మజీవులు, మీథేన్, ఎండలు. ఆమె గిన్నె చంకలో పెట్టుకుని విన్నది.

"అంటే ఆవు పిత్తు కొలుస్తాండారా?"

"పిత్తు కాదు, త్రేన్పు."

"యాడ్నుంచి వస్తే ఏముంది లే. కొలిచేదానికి ఒక మనిషి గూడా వస్తాండాదా?"

"వస్తాది. యూనివర్సిటీ నుంచి."

"ఓయమ్మా! మా ఇంటాయనను గూడా కొలవమని సెప్పక్కా, ఉద్దిబేళ్ల వడలు తిన్న పొద్దు ఊరంతా ఎండలు పెరుగుతాయి."

వెనక ఇంకో ఇద్దరు నవ్వారు. నేను నవ్వలేదు. తేడా తెలియకుండా మాట్లాడటం నాకు నచ్చదు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. రెండోసారి చెప్తుండగానే ఒకామె గంజి మోరీలో పారబోసి వెళ్లిపోయింది.

నాలుగు రోజులు వచ్చి అడిగారు. ఐదో రోజు నుంచి రాలేదు. ఎందుకొస్తారు? నాతో మాట్లాడటానికి కాదు కదా వచ్చేది. కుడితి పోయడానికి. చేతిలో గిన్నె లేకుండా ఒక మనిషి గేటు ముందు ఊరికే వచ్చి నిలబడే అలవాటు మా వీధిలో లేదు. నాకూ లేదు. వాళ్ల గుమ్మాల ముందు నేను ఏ రోజు నిలబడ్డాను గనుక.

ఎర్రావుకు పొడి, తెల్లావుకు మామూలు దాణా. పొడి కాస్త వగరు, అందుకని బెల్లం ముక్కతో కలిపి ముద్ద చేసి పెట్టమన్నారు. రెండు పక్కపక్కనే కట్టేసి ఉంటాయి. ఎర్రావు ముద్ద తింటుంటే తెల్లావు మెడ చాచి చూసేది. నాకేమీ అనిపించేది కాదు. ప్రయోగంలో పోలిక కోసం ఒకటి ఉండాలి.

ఆ నెలల్లో నేను ఎవరి కోసమైనా ఎదురుచూశానంటే ఆ అమ్మాయి కోసమే. ఆమె వచ్చే రోజుకు ముందు రోజు కొట్టం రెండుసార్లు కడిగేదాన్ని. ఉగ్గాని చేసి బజ్జీలు వేసేదాన్ని. ఆమె బల్ల మీద కూర్చుని, ఆవు నెమరు వేసేదాకా ఆగి, పరికరం మూతి వైపు పట్టి, కదలకుండా కొన్ని నిమిషాలు కూర్చునేది. ఆ కాసేపూ మాట్లాడకూడదు. అప్పుడు నాకు మాటలు గొంతు దాకా వచ్చేవి. కొలత అయిపోయిందనగానే మొదలుపెట్టేదాన్ని, ఆమె బస్సు తప్పేదాకా.

"మీకు ఇక్కడ తోడెవరూ లేరా మేడం?" అని ఒకసారి అడిగింది.

"రెండు ఆవులున్నాయి. నువ్వు వాటి త్రేన్పులు కొలుస్తున్నావు. నాకు అంతకంటే లోతైన సంభాషణ ఎందుకు?" అన్నాను. నవ్వింది. నేను చెప్పింది సరదాకేననుకుంది.

మూడు నాలుగు కొలతలు అయ్యాక ఆమె ముఖం వాడిపోయింది. రెండు ఆవుల అంకెలూ దాదాపు ఒకేలా ఉన్నాయి. పొడి పెట్టిన ఎర్రావుకు తగ్గింది, బాగానే ఉంది. పెట్టని తెల్లావుకూ తక్కువగానే ఉంది. వేరే ఇళ్లలో తేడా కనిపిస్తోంది, మా ఇంట్లో లేదు.

"దాణా ఏమైనా తేడా వచ్చిందా మేడం? ఎవరైనా ఏమైనా పెడుతున్నారా?"

"నా కొట్టంలో? ఎవరికంత ధైర్యం?"

ఆ మాట అన్న వారానికే పత్తిగింజల చెక్క కోసం ఆదోనికి బయలుదేరాను. బస్టాండులో బస్సు కళ్ల ముందే వెళ్లిపోయింది. తర్వాతి దానికి గంట పడుతుందన్నారు. ఎండకు తాళలేక ఇంటికి తిరిగి వచ్చాను. మధ్యాహ్నం రెండు గంటలు, రోజూ నేను ఇంట్లో కునుకు తీసే వేళ. కొట్టంలో ఏదో గిన్నె చప్పుడు. చూస్తే అవతలి వాకిట్లో పీట వేసుకుని, దాని మీద నిలబడి, గోడ మీంచి వంగి, అవ్వ ఒక సొట్టల సత్తు పళ్లెం తెల్లావు మూతి ముందు పట్టుకుని ఉంది. నల్లటి ముద్ద. తెల్లావు పళ్లెం నాకేసి ఆమె మోచేయి నాకుతోంది.

ఆ రోజు కొళాయి వదిలే రోజు. వీధిలో బిందెల వరస గేటు దాకా ఉంది. నాకు అది కనిపించలేదు. కనిపించినా ఆగేదాన్ని కాదు.

"అవ్వా! ఏం జేస్తాండావు?"

ఆమె ఉలిక్కిపడి గోడ పట్టుకుంది. "ఏం లేదు పాపా. కొంచెం..."

"నీ ఇంటి కుడితి నా ఆవుకు వద్దని ఎన్నిసార్లు చెప్పల్ల నీకు? పలక రాసి తగిలించినా గదా. చదువు రాకుంటే చెవులు గూడా లేవా? ఎన్నాళ్లనుంచి పెడతాండావు ఈ చెత్త?"

ఆమె పళ్లెం కొంగుతో తుడిచింది. లోపల తుడిచింది, అంచు తుడిచింది, తిప్పి వెనక కూడా తుడిచింది. తర్వాత మెల్లగా పీట దిగింది. ఒక్క మాట అన్నది, అదీ నాతో కాదు.

"అది సూస్తాండాదమ్మా" అన్నది, గోడతో అన్నట్టు. లోపలికి వెళ్లిపోయింది.

వెనక్కి తిరిగితే బిందెల వరసంతా నా వైపే చూస్తోంది. ఎదురింటామె బిందె కింద పెట్టి నా ముందుకొచ్చింది.

"ఏమక్కా, అవ్వ సెయ్యి అంటైందా నీకు?"

"నేను అంటు మాట ఎప్పుడన్నాను?"

"నీ ఇంటి కుడితి వద్దంటివి గదా. మా ఇండ్లవి వద్దన్నప్పుడు ఊరుకున్నాము, అందరివీ వద్దంది గదా అని. ముసలిదాన్ని ఒక్కదాన్ని నిలబెట్టి, నీ ఇంటిది చెత్త అంటివి. ఇంకెట్లా అంటారు అంటు మాట?"

వాదించడానికి నా దగ్గర చాలా ఉంది. ప్రయోగం, షరతులు, అంకెలు. నోరు తెరిచాను. అవన్నీ నిజమే, ఒక్కటీ ఆ ప్రశ్నకు జవాబు కాదు. మా వీధి నేతగాళ్లది. కంబళ్లు నేసే వేరే కులం మనిషి ఆమె ఒక్కతే. ఒక ఇంటి కుడితి వద్దనడం అంటే ఆ ఇంటి అన్నం వద్దనడమే. ఈ వీధిలో పుట్టి పెరిగిన నాకు అది తెలుసు. తెలిసిన సంగతి నోటి దాకా రాకముందే నోరు పని ముగించింది.

తర్వాతి కొలతకు తెల్లావు అంకెలు పెరిగాయి. ఆపైసారి ఇంకా పెరిగాయి. అమ్మాయి ముఖం వెలిగిపోయింది.

"చూశారా మేడం! ఇప్పుడు తేడా కనిపిస్తోంది. పొడి పనిచేస్తోంది. ముందు అలా ఎందుకు వచ్చిందో! మధ్యలో ఏమైనా మారిందా?"

"ఏమీ లేదు" అన్నాను.

జీవితంలో నేను చాలామందిని బాధపెట్టాను కాని, అబద్ధం చెప్పి కాదు. ఎప్పుడూ నిజంతోనే. ఆ రోజు చెప్పింది అబద్ధం. ఎందుకు చెప్పానో తెలుసు. నిజం చెప్తే మా ఇంటి కొలతలు పనికిరావు. పనికిరాకపోతే ఆమె రాదు. అవ్వ వాకిట్లో ఇప్పుడు రోటి చప్పుడు కూడా నేను కొట్టంలోకి రాగానే ఆగిపోతోంది. పదిహేను రోజులకొకసారి వినిపించే ఆ 'మేడం' అన్న పిలుపు కూడా లేకపోతే, ఈ ఇంట్లో గొంతు అనేది నాదొక్కటే.

ఆమె వెళ్లాక ఉగ్గాని పళ్లేలు కడుగుతుంటే అవ్వ పళ్లెం తుడవడం గుర్తొచ్చింది. తిప్పి వెనక కూడా తుడవడం. 'అది సూస్తాండాదమ్మా' అన్న మాట అర్థమైంది. తెల్లావు చూస్తోంది. ఎర్రావు బెల్లం ముద్ద తింటుంటే మెడ చాచి రోజూ చూస్తోంది. గోడ అవతలి నుంచి ఆవిడ ఆ చూపు చూసింది. నేను చూడలేదు. పోలిక కోసం ఒకటి ఉండాలనుకున్నాను.

ఆ వేళే అవ్వ గుమ్మం దగ్గరికి వెళ్లాను. పక్కిల్లే. ఆమె పక్కింట్లోకి వచ్చిన పదిహేనేళ్లలో ఆమె గుమ్మం ముందు నిలబడటం మొదటిసారి. తలుపు సగం వేసి ఉంది.

"అవ్వా, ఒక్కటి చెప్పు. తెల్లావుకు ఏం పెట్టేదానివి?"

లోపల చాట కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత, "పెట్టడంల్యా ఇప్పుడు. బిట్టేసినాను."

"మానేశావని తెలుసు. ఏం పెట్టేదానివో చెప్పు."

"ఏముంటాది నా దగ్గర? సింతగింజల పొట్టు. సంగటి మిగిలితే దాంట్లో కలిపి. ఒకదానికి బెల్లం పెట్టి ఒకదానికి పెట్టకుంటే ఎట్లమ్మా? నోరు లేనిది. నువ్వేమో సదివినదానివి, నీకు కారణం ఉంటాది. దానికి కారణం యాడ తెలుస్తాది?"

"ఎన్నాళ్లనుంచి?"

"పొట్టా? ఆవులు వచ్చిన కాడ్నుంచీ డబ్బాలో పోస్తాండా గదా. నువ్వు తొట్టి బోర్లిచ్చినాక గోడ మీంచి పెడ్తి. తెల్లదానికే. ఎర్రదానికి నువ్వు పెడతాండావు గదా."

ఇంటికొచ్చి, పొడి పొట్లం విప్పి వాసన చూశాను. ఇన్ని నెలలు నా చేత్తోనే కలిపాను, ఎప్పుడూ చూడలేదు. చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. నాలుక బిగుసుకుపోయింది. చింతగింజల వగరు. చిన్నప్పుడు గింజలు వేయించుకుని బుగ్గన పెట్టుకుని, పొట్టు ఉమ్మేసేవాళ్లం. అదే వగరు.

అమ్మాయికి ఫోన్ చేసి అంతా చెప్పాను. అవ్వ పెట్టడం, నేను పట్టుకోవడం, తిట్టడం, తను అడిగినప్పుడు ఏమీ లేదనడం.

"పొడిలో ఎక్కువ భాగం అదేనండి, చింతగింజల పొట్టు" అన్నది. "మిగతా రెండు మూడు ఆకులు. ముందే చెప్పకూడదని చెప్పలేదు. ఆవిడ ఎంత పెట్టారో, వేయించింది ఎలా పనిచేస్తుందో మాకు తెలియదు. దానివల్లే తగ్గిందని నేను రాయలేను. అలాగని మీ ఇంటి కొలతలు ఉంచలేను కూడా."

"తీసేయ్. తీసేయాలి కూడా. లేకపోతే తప్పు."

"మరి పొట్లాలు..."

"పంపొద్దు."

"వీలున్నప్పుడు వస్తుంటాను మేడం."

రాలేదు. తప్పు పట్టను. ఆమెకు కొలవాల్సిన ఆవులు ఇంకా చాలా ఉన్నాయి. పొద్దున్నే ఫోన్‌కు గులాబీ పూల బొమ్మతో శుభోదయం పంపిస్తుంది. చాలామందికి ఒకేసారి పంపే రకం. నేను తిరిగి ఏమీ పంపను, కాని రాకపోతే తొమ్మిది దాకా చూస్తాను.

మర్నాడు గడ్డపార తెచ్చి తొట్టిని మళ్లీ నిలబెట్టబోయాను. బోర్లించినంత సులువు కాదు. నేలకు అతుక్కుపోయింది. మణికట్టు బెణికింది. ఎవరినైనా ఒక చేయి వేయమని పిలవచ్చు. పిలవడానికి ఎవరి పేరూ నోటికి రాలేదు. ఎలాగో ఒక్కదాన్నే నిలబెట్టి, కడిగి, పలక తీసేసి, ఏడు గంటలకు గేటు తెరిచి నిలబడ్డాను. మూడు రోజులు నిలబడ్డాను. నాలుగో రోజు ఎదురింటామెను నేనే పలకరించాను.

"కుడితి పొయ్యచ్చు ఇప్పుడు. అది అయిపోయింది."

"అట్లనా అక్కా" అన్నది. కోపంగా కాదు, మర్యాదగా. ఆమె నాతో మర్యాదగా మాట్లాడటం అదే మొదటిసారి. "మున్సిపాలిటీ బండి వస్తాండాది గదా, తడి చెత్త అని ఏ యవ్వారమూ లేకుండా తీస్కపోతాండారు. అదే అలవాటైపాయ."

బండి ఆరున్నరకు పాట పెట్టుకుని వస్తుంది. ఆరిళ్ల గంజీ తొక్కలూ అందులో పోతాయి. వాళ్లు బండి దగ్గర నిలబడి మాట్లాడుకుంటారు. నేను గేటు లోపలి నుంచి వింటాను. ఒకరోజు కోడళ్ల గురించి ఎవరో పూర్తిగా తప్పు మాట అన్నారు. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. బండి వెళ్లిపోయింది.

మిగిలింది ఏడో ఇల్లు. ఒక వారం ఆలోచించి, రేకు డబ్బా ఒకటి తీసుకుని అవ్వ గుమ్మానికి వెళ్లాను. ఏం అనాలో దారిలో కూర్చుకున్నాను. దారి అంటే పది అడుగులు. చెరిగిన పొట్టు చాటలో నల్లగా కుప్పగా ఉంది.

"అవ్వా, పొట్టు ఇస్తావా? ఆవులకు."

చాట వైపు చూసింది, నా వైపు చూసింది. "నా సెయ్యి తగిలింది గదా పాపా. పనికొస్తాదా?"

నేను మొదలుపెట్టాను. ఆ రోజు అలా అనడంలో నా ఉద్దేశం వేరనీ, చెత్త అన్నది దాణా నియమం ప్రకారం అన్న మాటేననీ, అంటు అనే ఆలోచనే నాకు... చెప్తుంటే నాకే వినపడింది. తప్పు ఒప్పుకోవడానికి వచ్చి మళ్లీ వాదన గెలవబోతున్నాను.

"బ్యాడమ్మా, వాదించద్దు" అన్నది అవ్వ. "నాకు తెలుగే సగం వచ్చేది. నీ మాదిరి యాడ సెప్తాను. డబ్బా పట్టు."

పట్టాను. చాట వంచి పోసింది. నేను "తప్పు నాదే అవ్వా" అన్నాను. పొట్టు రేకు మీద పడే చప్పుడులో ఆమెకు వినపడిందో లేదో తెలియదు. రెండోసారి అనే అలవాటు నాకు లేదు.

"రెండిటికీ పెట్టు" అన్నది. "ఒకదానికే పెట్టద్దు."

"రెండిటికీ పెడతాను. నువ్వే రావచ్చు కదా పొద్దున?"

"మోకాళ్లు పాపా. లేయల్యాక పోతాండా."

రోజూ మధ్యాహ్నం పీట ఎక్కి గోడ మీంచి వంగిన మోకాళ్లే అవి. నేను ఏమీ అనలేదు. అనకుండా ఉండటం ఆ ఏడాది నేను నేర్చుకున్న ఒకే ఒక్క పని, అదీ ఒకే ఒక్క చోట.

అప్పటి నుంచి రోజూ నేనే వెళ్తాను. ఆమె పోస్తుంది. ఒకటి రెండు మాటలు. హొళగుందకు బస్సు సరిగా రావడం లేదని, ఈసారి గింజలు పుచ్చువి వచ్చాయని. నేను వంకలు పెట్టకుండా వింటాను, గుమ్మం బయటే నిలబడి. లోపలికి రమ్మనలేదు. గోడ దగ్గర పీట కూడా ఇప్పుడు లేదు, తీసి లోపల పెట్టుకుంది.

ఏడు గంటలకు డబ్బా పట్టుకుని వీధి వైపు నుంచి గేటు తీస్తాను. తెల్లావు అప్పటికే తల తిప్పి ఉంటుంది. మొదట డబ్బా చూస్తుంది. తర్వాత నా వెనక చూస్తుంది. కాసేపు అలాగే చూసి, అప్పుడు తొట్టిలో మూతి పెడుతుంది. నేను చేయి చాపి నిలబడతాను. ఒక్కోసారి నాకుతుంది, ఒక్కోసారి లేదు.